తిరగని గుండీ

కామారెడ్డి స్టూడియో నుంచి ఎల్లారెడ్డికి తిరిగొచ్చిన మనుమరాలు, తాత వాడిన పాత కెమెరాను అవ్వ ముందు పెట్టింది.

"పెండ్లిల తీసిన నీ ఫోటోలు ఒక్కటి గూడ రాలేదవ్వా. రీలు కొస లోపలి కండెకు పట్టుకోలేదంట. నేను ఉత్తగనే తిప్పుకుంట పోయిన."

"నాకెరుకే బిడ్డా."

"నీకెట్ల ఎరుక?"

"మీ తాత రీలు ఎక్కించినంక గీ ఎడమదిక్కు గుండీనే చూస్తుండె. అది తిరిగితేనే లోపల రీలు కదిలినట్టు. నువ్వు తిప్పినప్పుడు అది తిరగనే లేదు."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"కట్టుడు పండ్లు ఇంట్ల మర్చిపోయి వచ్చిన గదనే!"

"అవ్వా!"

"నవ్వింది చాలు, కొత్త రీలెక్కియ్యి. ఇగో, ఇయ్యాల పెట్టుకున్న."

"గుండీ తిరుగుతుందవ్వా!"

"చూస్తనే ఉన్న. ఇగ నవ్వుతున్న, తియ్యి!"