మగవాడి సంతకం

ఆఫ్రికాలోని కామెరూన్ దేశం, కొండల మధ్య పట్నంలో ఒక రేడియో స్టేషన్. 1986 డిసెంబరు ఆఖరి వారం. చావుకబుర్ల కాగితాలు పుచ్చుకునే కిటికీకి బయట నాంగె, లోపల రోజూ ఆ కబుర్లు చదివే తోసామ్. పొద్దున్నించి ఆవిడ రావడం ఇది మూడోసారి.

"మళ్ళీ వచ్చారా? ఇవాళ కుదరదని చెప్పాను కదమ్మా. ఏడాదంతా ప్రపంచంలో ఏమేం జరిగాయో సాయంత్రం చదవాలి. ఆ పనిలో ఉన్నాను."

"ఏం జరిగాయేమిటి?"

"చాలా జరిగాయి. జనవరిలో అమెరికా వాళ్ళ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఏప్రిల్లో సోవియట్ దేశంలో అణు కేంద్రం అంటుకుంది. ఫుట్‌బాల్ కప్పు అర్జెంటీనా ఎగరేసుకుపోయింది..."

"మా న్యోస్ సరస్సు సంగతి?"

"ఎందుకుండదు, ఉంది. ఆగస్టులో. సరస్సులోంచి విషగాలి లేచి ఒక్క రాత్రిలో దాదాపు పదిహేడు వందల మంది..."

"పేర్లు?"

"అంతమంది పేర్లు ఎవరు చదువుతారమ్మా?"

"ఆ నౌకలో పోయినవాళ్ళవో?"

"వాళ్ళు ఏడుగురే."

"ఏడుగురి పేర్లూ చదువుతావు."

"రాసిచ్చారు, చదువుతాను."

"నేనూ రాయించే తెచ్చాను. మా ఇంట్లో తొమ్మిదిమంది. ఇద్దరు ఎక్కువయ్యారనా నీ బాధ?"

"వెటకారాలొద్దు. ఇక్కడ రూలుంది. శవం ఎక్కణ్ణించి బయల్దేరుతుంది, ఎక్కడ పూడుస్తారు, ఏ రోజు. అవి లేకపోతే చావుకబురు చదవం."

"అయితే రాసుకో. సైనికులు ముక్కులకి గుడ్డలు కట్టుకుని వచ్చారు. పెద్ద పెద్ద గోతులు తీశారు. ఒకరి మీద ఒకరిని పడేసి మట్టి కప్పేశారు. ఏ గోతిలో ఎవరున్నారో వాళ్ళకే తెలీదు. ఏడుస్తామంటే దూరం పొమ్మన్నారు. చాలా, ఇంకా చెప్పనా?"

"నా మీద అరిస్తే ఏం లాభం?"

"ఇంకెవరి మీద అరవమంటావు? సరస్సు మీదా? రేడియోలో పేరు వినపడకపోతే చావింటికి ఒక్కడు రాడు. డప్పు మోగదు. కల్లు పొయ్యరు. పుట్టనేలేదన్నట్టు పోయారు తొమ్మిదిమందీ. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"సరే, సరే. కాగితం అక్కడ పెట్టి వెళ్ళండి. కొత్త సంవత్సరం వచ్చాక చూస్తాను."

"రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ మడత విప్పకుండానే నా మొహాన పడేశావు. విప్పు."

"విప్పక్కర్లేదు. దాని మీద ఇంటి మగవాడి సంతకం ఉండాలి. మీరు పెడితే చెల్లదు."

"మగవాళ్ళంతా ఆ కాగితంలోనే ఉన్నారు."

"ఒక్కడు కూడా మిగల్లేదా?"

"ఒకడు మిగిలాడు."

"మరింకేం, అతన్నే తీసుకురండి. ఒక్క నిమిషం పని."

"వాడు చదువుకని చిన్నప్పుడే పట్నం వచ్చేశాడు. ఇంత జరిగి నాలుగు నెలలైంది, ఆ గోతుల మీద పిడికెడు మట్టి వెయ్యడానికైనా రాలేదు. ఊరందరి చావులూ రోజూ గొంతు సవరించుకుని మరీ చదువుతాడు. సొంత మేనత్త కిటికీ ముందు నిలబడితే 'అమ్మా', 'మీరు' అంటాడు."

"అత్తా, మెల్లిగా. లోపలివాళ్ళు వింటారు."

"విననీ. సిగ్గు నాకెందుకు? మొదటి పేరు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే విప్పలేదు. పదేళ్ళుగా చదువుతున్నాను అత్తా. నేను చదివేదాకా జనం ఎవరి చావూ నమ్మరు. నేనూ అంతే. ఫుంకుయిన్ అని ఒక్కసారి నా నోటితో అన్నానంటే, ఇంక మా అమ్మ లేదు."

"లేదురా. ఆ కళ్ళు మూసింది నేనే. సంతకం పెట్టు."