చేతులు పైకి

నరాల పరీక్ష గది. మంచం మీద భార్య. పక్కన స్టూలు మీద భర్త, బడిలో డ్రిల్లు మాస్టారు. యంత్రం ముందు డాక్టరమ్మ.

"అబ్బా! చంపేశారు కదండీ!"

"అంతే మాస్టారూ, అయిపోయింది. అమ్మగారు భయపడుతున్నారని ముందు మీ మీద చేసి చూపిస్తే, మీరే గది ఎగిరిపోయేలా అరిచారు."

"అరవలేదండీ. ఉలిక్కిపడ్డాను, అంతే. బొటనవేలు దానంతటదే ఎగిరింది మరి."

"నేను మణికట్టు దగ్గర కరెంటు తగిలించాను, మీ నరం మోసింది, కండ ఎగిరింది. తెర మీద చూడండి, వరసగా అలలు. అన్నీ ఒకే ఎత్తు. ఇప్పుడు మీరమ్మా, చెయ్యి వదులుగా పెట్టండి."

"పెట్టాను డాక్టరమ్మా. ఏమండీ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"ఎందుకూ? నేనుంటే నటన కుదరదనా?"

"మాస్టారూ!"

"సరదాకన్నానండీ. అయినా మీరే చెప్పండి. పొద్దున్నే చకచకా జడేసుకుంటుంది. సాయంత్రానికి దువ్వెన ఎత్తలేనంటుంది, రెప్పలు వాలేసుకుని కూర్చుంటుంది. రోగానికి గడియారం చూడ్డం వచ్చా? మిషనైతే అబద్ధం పట్టేస్తుందని తీసుకొచ్చాను."

"ఇందులో అబద్ధానికి చోటు లేదు. కరెంటు దెబ్బ కొట్టేది నేను. ఆవిడ వేలు ఎత్తుదామనుకున్నా, వద్దనుకున్నా ఒకటే. కదలకండమ్మా."

"హమ్మా..."

"అయిపోయింది, అయిపోయింది. మాస్టారూ, ఇటు రండి. మొదటి అల ఎలా ఉంది?"

"బాగానే ఉందిగా. నాదానిలాగే ఉంది."

"రెండోది? మూడోది?"

"తగ్గుతున్నాయి... మెట్లు దిగుతున్నట్టు. తీగేదైనా ఊడిందేమో చూడండి."

"ఊడలేదు. కావాలంటే ఇంకోసారి కొడతాను."

"వద్దు. వద్దులెండి."

"నరం కండని అంటుకుని ఉండదు మాస్టారూ. మధ్యలో సన్నని సందు. నరంలో వచ్చిన కరెంటు ఆ గట్టునే ఆగి ఒక రసం చిలకరిస్తుంది. ఆ రసం ఇవతల కండ తలుపులు తడితేనే కండలో కొత్త కరెంటు పుడుతుంది. అమ్మగారికి ఆ తలుపులు చాలా వరకు మూసుకుపోయినట్టున్నాయి. వరసగా కొడుతుంటే రసం తగ్గడం ఎవరికైనా ఉన్నదే. మీకు తలుపులు బోలెడు, తెలీదు. ఆవిడకి తెలుస్తుంది. మొదట ఎత్తగలదు, ఎత్తేకొద్దీ ఎత్తలేదు. కాసేపు ఆగితే మళ్ళీ వస్తుంది."

"మొదట ఎత్తగలదు..."

"అవును, ఈ జబ్బు గుర్తే అది. రక్తపరీక్ష కూడా చేయించి మందు మొదలుపెడదాం. లొంగే జబ్బే. ఇంట్లో ఎప్పుడైనా గమనించారా, ఎత్తుతూ ఎత్తుతూ చేతులు పడిపోవడం?"

"అంటే... గమనించడమంటే..."

"బట్టలు ఆరేస్తుంటే డాక్టరమ్మా. అప్పుడు చూశారాయన."

"సరే. కూర్చోండి, చీటీ రాసి తెస్తాను."

"...బట్టలు ఆరేస్తుంటే అన్నావేం?"

"మరేమనమంటారు? పిల్లల ముందు పెరట్లో నిలబెట్టి, చేతులు పైకి, చేతులు కిందికి అని విజిలేశారని చెప్పనా?"

"మొదట్లో బాగా ఎత్తావు. అందుకే నేను..."

"మీ ఫోను మోగుతోంది. చిన్నదే అయ్యుంటుంది."

"హలో... ఆఁ, తల్లీ."

"నాన్నా, అమ్మ దొరికిపోయిందా? మిషను పట్టేసిందా?"

"ఇంటికొచ్చి చెప్తాను. పెట్టేయ్."

"అది కూడా మీ మాటే అంటోంది."

"నన్ను తిట్టవేం?"

"ఏమనను? మీ మాటలు నాకు అలవాటే. పిల్లలే... రెప్పలు వాల్చి, చేతులు వేలాడేసుకుని నాలాగా నడిచి చూపించుకుంటారు. నేను కూడా నవ్వేస్తాను, ఏం చెయ్యను. పోనివ్వండి. ఆ చెప్పులు ఇటు జరపండి."

"ఆగు. ఒక్క నిమిషం కూర్చో."

"మళ్ళీ ఎవరికి చేస్తున్నారు?"

"హలో. చిన్నీ, అన్నయ్యని పిలువు. పక్కనే ఉన్నాడా? ఇద్దరూ వినండి. ఆ రోజు పెరట్లో అమ్మ చేతులు పడిపోయాయి చూశారూ... ఏయ్, నవ్వకు. నవ్వకమ్మా. అమ్మ నిజంగానే ఎత్తలేకపోయింది. అప్పుడు మిమ్మల్ని చప్పట్లు కొట్టమన్నది నేను."