అద్దం పెట్టిన మూత

బందరులో శవపెట్టెలు చేసే శామ్యూల్ రాజ్ షాపు. సినిమా కంపెనీ నుంచి దివ్యశ్రీ వచ్చింది.

"మూతకి అద్దం ఎందుకు పెట్టారండీ? మేమిచ్చిన బొమ్మలో లేదు కదా!"

"మొహం కనపడాలి కదమ్మా."

"కనపడకూడదండీ! పాత దయ్యాల నవల, సినిమాగా తీస్తున్నాం. చచ్చిపోయిన పెళ్లికూతురు పెట్టెలోంచి లేచొస్తుంది. అసలు లోపలుందో లేదో తెలియకపోతేనే కదా చూసేవాళ్లకి భయం!"

"అవునమ్మా. తెలియకపోతేనే భయం."

"మరి? చెక్క మూత వేసేయండి. రేపు పొద్దున్నే షూటింగ్."

"అద్దం లేకుండా నేను చెయ్యనమ్మా. గుడివాడలో అడగండి, చేస్తారు."

"ఇప్పుడు గుడివాడా? నా ఉద్యోగం పోతుందండీ! మీరెప్పుడూ చెయ్యలేదా, చెక్క మూత?"

"చేశాను. కరోనా దాకా అవే చేశాను."

"మరిప్పుడేమైంది?"

"ఏం కాలేదు. ఏం కాలేదమ్మా. అద్దమైతే బాగుంటుందని..."

"శామ్యూల్ గారూ, నిజం చెప్పండి."

"ఆఖరిది మా క్రిస్టినాకి చేశాను. మా అమ్మాయి. ఆస్పత్రి వాళ్లు కవర్లో చుట్టేసి తెచ్చారు, విప్పొద్దన్నారు. మాలో మూత వేసే ముందు అందరూ వరసగా వచ్చి మొహం చూసుకుంటారమ్మా. దానికి అది కూడా లేదు. మేకులు నేనే కొట్టాను."

"మీరూ చూడలేదా?"

"పేరు రాసిన చీటీ చూశాను. మెల్లగా మాట్లాడండమ్మా, లోపల మా ఆవిడుంది. తనకి చూశానని చెప్పాను. నిద్రపోతున్నట్టే ఉంది, నవ్వు మొహమే అని చెప్పాను. ఇప్పటికీ రోజూ అడుగుతుంది. రోజూ చెప్తాను."

"అయ్యో, నాకు తెలీదండీ..."

"ఉండమ్మా, పాస్టర్ గారు ఫోన్ చేస్తున్నారు. బయటికెళ్లి మాట్లాడొస్తా."

"టీ తాగమ్మా. నేను రాజమ్మని, ఆయన భార్యని. అద్దం తీసెయ్యమన్నావా?"

"లేదండీ. ఉంచేయమంటాను. మా డైరెక్టర్‌కి నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను."

"మంచిదమ్మా. మా అమ్మాయి గురించి చెప్పారా?"

"చెప్పారండీ. నిద్రపోతున్నట్టే ఉందట."

"నవ్వు మొహమే అన్నారా?"

"అన్నారండీ. చూశానన్నారు."

"నువ్వూ అబద్ధం చెప్తున్నావు, తల్లీ. ఆ రోజు సమాధుల తోట గోడవతల, ఆయనకి తెలియకుండా నేనూ ఉన్నాను. కవరు విప్పనే లేదు."

"మరి రోజూ ఎందుకడుగుతారండీ?"

"నేను అడిగినప్పుడే కదమ్మా, ఆయనకి కూతురి మొహం కనపడేది."