సెలీనా అడిగిన మాటలు

అమ్మా కన్నియమ్మగారూ, శివరామ్ గారూ, నెలకు దొరికే ఒక్క సెలవునూ వదులుకుని ఈ రాయపురం దాకా వచ్చిన వాద్యకారులారా, వీధిలోని అమ్మలారా, అయ్యలారా, అందరికీ నమస్కారం.

నా పేరు కోదండరాం. జార్జిటౌన్‌లో పప్పుల మండీలో గుమాస్తాను. ఎనిమిదో తరగతితో నా బడి అయిపోయింది. సభలో మాట్లాడటం ఇదే మొదలు. నాకు చేతకాదన్నాను. "ఆమె పాడింది నువ్వు రాసిందే కదా, నువ్వే మాట్లాడాల" అని శివరామ్ గారు పట్టుబట్టారు. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను.

సెలీనా పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. కన్నియమ్మగారికి ఒక్కగానొక్క బిడ్డ. నలభై ఒక్క ఏళ్లు.

ఆ గొంతు మీరందరూ విన్నారు. విన్నట్టు మీకు తెలియదు, అంతే. సినిమాలో పాడుబడిన బంగళా, తెల్లచీర, వెనక నుంచి పైపైకి లేచే 'ఆ...' గుర్తుందా? అది సెలీనా. చర్చి పాటల్లో పండిన గొంతు. కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో అంత పైకి వెళ్లే గొంతు మరొకటి లేదు. పదహారేళ్లు దెయ్యాల కోసం పాడింది. ఆ పదహారేళ్లలో ఎవరైనా ఆమెకు ఒక్క మాట ఇచ్చారా? ఒక్క మాట?

తొంభై రెండులో శివరామ్ గారు ఆమెను మా గోడౌన్‌కు తీసుకొచ్చారు. ఆయన అప్పుడు ఒక పెద్ద పాట కడుతున్నారు. ఒకవైపు డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటారు. ఇంకొకవైపు ఎనిమిది వయొలిన్లు. నడుమ ఆపెరా గొంతు, దొరల పాటనాటకాల్లో లాంటిది. పంతొమ్మిది నిమిషాలు. దీన్ని సింఫొనిక్ రాక్ అంటారని ఆయనే చెప్పారు. నాకు ఆ పేరు కొత్త. నా నోటుపుస్తకంలో పుట్టుక గురించీ చావు గురించీ ఏవో రాసుకునేవాణ్ణి. అవి ఆయన కంటబడ్డాయి, ఆ పాటకు మాటలు నన్నే రాయమన్నారు.

సెలీనా కందిపప్పు బస్తా మీద కూర్చుని నన్ను అడిగిన మొదటి మాట ఇది: "దెయ్యం గూడా ఒకప్పుడు మనిషే గదన్నా? దానికి నాలుగు మాటలు రాసియ్యి."

ఆ పాట అక్కడ పుట్టింది. పోయినవాళ్లు మనల్ని అడిగే ప్రశ్నల పాట.

ఆమెకు తెలుగు చదవటం రాదు. తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. 'తలుపు లేని గది, ఎటు నా దారి' అని ఒక చరణం. తమిళంలో గది అని రాసినా, గతి అని రాసినా అక్షరాలు ఒక్కటే. ఆమె గతి అనుకుంది. 'తలుపు లేని గతి' అని ఎత్తుకుంది. వయొలిన్ల వాళ్లు వాయించటం మరిచి చూస్తుండిపోయారు. తప్పమ్మా, అది గది అన్నాను. పడీ పడీ నవ్వింది. "గదికి తలుపు లేకుంటే మేస్త్రీని పిలస్తారన్నా. గతికి లేకుంటే ఎవుర్ని పిలవాల?"

నేను గది కొట్టేసి గతి అని రాసుకున్నాను. పుస్తకాలు చదివినవాణ్ణి నేను. తెలిసింది ఎవరికి?

తొంభై నాలుగులో ఒక సంగీత సభ వారు సన్మానాల తర్వాత మాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆమె గొంతెత్తగానే వెనక నుంచి ఎవరో "ఏందమ్మా, ఈడ దెయ్యం సినిమానా?" అని అరిచారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, పాడింది. సరిగ్గా పది నిమిషాలకు మైకుకూ గిటారుకూ కరెంటు ఆపేశారు. గిటారు చచ్చిపోయింది. వయొలిన్లకు కరెంటు అక్కర్లేదు కదా, అవి ఆగలేదు. సెలీనా మైకు పక్కకు జరిపి ముందుకొచ్చింది. ఆ హాలుకు ఆ గొంతు చాలింది. తలుపు దాకా వెళ్లినవాళ్లు బయటికి పోలేదు, లోపలికీ రాలేదు. అక్కడే నిలబడ్డారు. చప్పట్లు పెద్దగా లేవు. మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నారన్నా. మాటలు ఇన్నారు."

అయ్యా, ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఆ పాటలో చివరి నాలుగు నిమిషాలకు మాటలు లేవు. అన్ని ప్రశ్నలు వేశాక చివర ఏం చెప్పాలో నాకు తోచలేదు. అక్కడ ఆమె మళ్లీ 'ఆ...' అనే పాడేది. కనబడినప్పుడల్లా అడిగేది. "ఆడ మళ్లా దెయ్యంగానే ముగిస్తా ఉండానన్నా. రాయవా?" రాస్తానమ్మా అనేవాణ్ణి. నాలుగేళ్లు అన్నాను. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి కూడా అదే అన్నాను. ఆమె తల ఊపింది. నమ్మినట్టే ఊపింది.

ఆమె పోయిన మూడో రోజు ఆ చరణం వచ్చింది. ఎనిమిది పంక్తులు. తెలుగులో రాయబోతే చెయ్యి సాగలేదు. తమిళ అక్షరాల్లోనే రాశాను. ఎవరు చదువుతారని? ఎవరు పాడతారని?

ఆ కాగితం ఇప్పుడు నా జేబులో ఉంది. చదవమని అడగకండి. ఇవి నా గొంతుకు రాసినవి కావు.

ఒక్కటే కోరుతున్నాను. ఆ ఎనిమిది పంక్తులు ఆమె పాడి ఉంటే ఎంతసేపు పట్టేదో శివరామ్ గారికి తెలుసు. ఆయన చెయ్యి ఎత్తుతారు. అది దిగేదాకా మనం ఆమెను వింటున్నట్టు నిలబడదాం. ఎవరూ మాట్లాడకండి.

కన్నియమ్మగారూ, మీరు కూర్చోండమ్మా.

తక్కినవాళ్లందరూ, దయచేసి లేవండి.