ముఖం కదపని పిల్లలు

ఎదుటివాళ్ల మనసులో మాట వినగల పిల్లల్ని జనం వెలివేస్తే, సర్కారు తెచ్చి పడేసిన బడి అది. సాయంత్రం స్టాఫ్‌రూములో లెక్కల టీచరు చేతికంటిన సుద్ద కడుక్కుంటోంది. వడ్రంగం మాస్టారు కుంటి బెంచీకి మేకు కొడుతున్నాడు. పక్క గదిలో పిల్లలు చదువుకుంటున్నారు.

“రేపు తనిఖీకొచ్చేవాడు మనసులో ఏదో వెటకారం అనుకుంటాడు. ఎవరి ముఖం కదిలితే వాళ్లకి మనసు వినే శక్తి ఇంకా పోలేదని కొండమీది జైలుకి పంపేస్తాడు. పిల్లలు తట్టుకుంటారంటారా, మాస్టారూ?”

“అందుకేగా టీచరుగారూ, ముఖం కదపకుండా ఉండటం మనం చాటుగా నేర్పిస్తున్నది! ఇవాళ ఎలా చేశారు?”

“నేను మనసులో తిట్టుకున్నా, జోకులు తలుచుకున్నా రాళ్లలా కూర్చున్నారు. ఇక లాభం లేదని పెద్ద పరీక్షే పెట్టా.”

“ఏమనుకున్నారేంటి?”

ఆమె ఇటు తిరగలేదు. కడిగిన చేతులే మళ్లీ కడిగింది.

“వడ్రంగం మాస్టారంటే నాకు ప్రాణమని.”

సుత్తి దెబ్బ గురి తప్పింది.

“అయ్యో, వేలేనా?”

“వేలుదేముంది లెండి! అప్పుడూ ఎవరూ నవ్వలేదా?”

“ఉలకలేదు, పలకలేదు.”

“నేనూ నెల్లాళ్లుగా వాళ్లకి అదే పరీక్ష పెడుతున్నా. మీ పేరు మీద.”

కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి ఆమె ఇటు తిరిగింది.

“అంటే ఇవాళ, ఇద్దరి సంగతీ తెలిసి కూడా…”

“ఒక్కరి పెదవీ కదల్లేదన్నమాట.”

“గడుగ్గాయిలు! ఇంకేం, రేపు గట్టెక్కినట్టే.”

ఆ మాటకే కాచుకున్నట్టు, పక్క గదిలో నవ్వులు గుప్పున ఎగిశాయి. ఆమె కంగారుగా తలుపు వైపు నడిచింది.

“ఆగండి, నవ్వనివ్వండి” అన్నాడతను. “తనిఖీ రేపు కదా.”