ఆరో మజిలీలో పాఠం

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులు బిర్ఖే బుఢా గారికి, మూడు రోజులు కొండలు దిగి ఈ సిమికోట్ పట్టణం దాకా వచ్చిన ఖల్లిగావ్ పెద్దలకు, నాతో పాటు చెప్పులరిగేలా తిరిగిన ఉపాధ్యాయ మిత్రులకు, వెనక వరసలో అప్పుడే కాళ్లు చాపుకున్నవారికి నమస్కారం. చాపుకోండి, పరవాలేదు. నేను త్వరగా ముగించే మనిషిని కాదని మీకు తెలుసు. (నవ్వులు)

ఇందాక నందకలా రోకాయా వేదిక ఎక్కి నా చేతిలో ఈ మూట పెట్టింది. మేక బొచ్చుతో తనే నేసిన గుడ్డ, దానికి ఏడు ముళ్లు. "ఇంటికెళ్లి విప్పుకోండి సార్, ఇక్కడొద్దు" అని చెవిలో చెప్పి దిగిపోయింది. ఏమ్మా, ఇన్నేళ్లుగా నన్నెరిగినదానివి, నాకు మూట ఇచ్చి విప్పొద్దంటావా? ఎవరింట్లో గిన్నె మీద మూత కనబడినా ఎత్తి చూసే అలవాటు నాది. దానివల్ల మా ఆవిడ చేత తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. అధ్యక్షులవారు మాట్లాడుతున్నంతసేపూ దీన్ని వేళ్లతో తడుముతూనే ఉన్నాను. లోపల ఉన్నవి కాగితాలు. అంతవరకే తెలిసింది.

మాట్లాడినవారంతా నన్ను పొగిడారు. దాతల కాళ్లావేళ్లా పడి ఈ కొండల్లో పద్నాలుగు బడులు నిలబెట్టానన్నారు. రేగ్మీ గారు అడగని ప్రశ్న లేదన్నారు. ఖల్లిగావ్ బడి మూతపడితే కాఠ్‌మాండూ వెళ్లి పోట్లాడి తెరిపించారన్నారు. ఆ చివరి మాట దగ్గర నేను తల దించుకున్నాను, మీరు దాన్ని వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. అది వినయం కాదు. ఎందుకో ఈవేళ చెప్పకపోతే ఇక చెప్పేందుకు నాకు వేదిక దొరకదు.

ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి. ఖల్లిగావ్‌లో నలభై మంది పిల్లలుంటే మా సంస్థ పన్నెండు పుస్తకాలు పంపగలిగింది. చలి మొదలవగానే ఊరు ఊరంతా గొర్రెలనూ మేకలనూ తోలుకుని కిందికి దిగిపోతుంది, చైత్రంలో తిరిగి వస్తుంది. ఆ చైత్రంలో నేను వెళ్లేసరికి పన్నెండు పుస్తకాలూ చిరిగి విడి కాగితాలై ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. బడి గడప మీద కూర్చుని, కింద కార్బన్ కాగితం పెట్టి, పై ఆఫీసుకు నివేదిక రాశాను. పైప్రతి విమానంలో పంపాను. నకలు ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. నెల తిరక్కుండా మాస్టారి జీతం ఆగింది, బడికి తాళం పడింది. ఎందుకు మూశారని పెద్దలు అడిగితే, "పై ఆఫీసు వాళ్లు, నేనేం చేయను" అన్నాను.

ఆ ఏడు కార్తీకంలో వేరే ఊరికి పోతూ, ఏటి ఒడ్డున మజిలీ దగ్గర పన్నెండేళ్ల నందకలాను చూశాను. గొర్రెల వీపు మీద వేసే ఉప్పు సంచులు దించేసి, ఒక రాయి ఎత్తి, దాని కింద గుడ్డలో చుట్టి ఉన్న కాగితం తీసి చదువుతోంది.

"ఏంటే అది?" అన్నాను.

"భాగహారం సార్."

"రాయి కిందెందుకుంది?"

"భాగహారం ఇక్కడే ఉంటుంది సార్. నిన్నటి మజిలీలో వాన ఎలా పడుతుందో ఉంది. రేపటి దాంట్లో కుందేలు కథ." (నవ్వులు)

నవ్వకండి, నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఒక్కో మజిలీలో గడ్డి ఒక్క మందకే సరిపోతుంది కాబట్టి మీరు రోజుకో కుటుంబం చొప్పున బయలుదేరుతారు. పుస్తకం ఒకరి దగ్గరుంటే మిగతా పిల్లలకు అందదు. అందుకని దాన్ని పాఠాలుగా విడదీశారు. ముందు వెళ్లే బుఢా గారి కుటుంబం మజిలీకో పాఠం రాయి కింద పెట్టి పోతుంది, వెనక వచ్చే ప్రతి ఇంటి పిల్లలూ చదివి అక్కడే పెడతారు. అందరికన్నా వెనక వచ్చే నందకలా వాళ్లు ఏరుకుని భద్రం చేస్తారు. నేను చించేశారని రాసింది దీన్ని.

నా పని వదిలేసి తొమ్మిది రోజులు వాళ్ల వెంట నడిచాను. ఆరో మజిలీలో మాత్రం ఈ పిల్ల రాయి ఎత్తి, కాగితం చదవకుండానే నడుము గుడ్డలో దోపుకుంది. "అదేం పాఠమే?" అంటే, "మీకు వచ్చిన పాఠమే సార్" అని గొర్రెల వెనక పరుగెత్తింది. అది ఏమిటా అని ఇరవై ఆరేళ్లు ఆలోచించాను.

తర్వాత కాఠ్‌మాండూ వెళ్లి పోట్లాడిన మాట నిజం. మరుసటి ఏడు వైశాఖంలో బడి తెరిచాం. అప్పటికి నందకలాకు పెళ్లి చేసి పంపించేశారు. తరగతిలో అందరికన్నా ముందుండే పిల్ల, ఐదో తరగతి పరీక్ష రాయకుండానే పోయింది. అయ్యా, ఆ బడి మూయించింది పై ఆఫీసు కాదు. నేను. నా కాగితం. నాకు సిగ్గుగా ఉంది, ఇంతకాలం దాచినందుకు మరీ సిగ్గుగా ఉంది.



ఎవరూ ఆశ్చర్యపోరేం? బుఢా గారూ, మీరెందుకు నవ్వుతున్నారు?

(అధ్యక్షులు: "ఇక ఆ మూట విప్పండి రేగ్మీ గారూ. నందకలా, విప్పనీయవే. ఇంటిదాకా ఆగే మనిషి కాదు.")

విప్పుతున్నాను. ఆ పాత పాఠాలే, వరసగా పేర్చి ఉన్నితాడుతో కుట్టారు. మొదటి మజిలీది, రెండోది... ఇదిగో భాగహారం. ఆరోది...

ఇది నా చేతిరాత.

(కాగితాన్ని వెలుగులోకి తిప్పి చదివారు)

"ఈ ఊరివారికి చదువు మీద శ్రద్ధ లేదు. ఇచ్చిన పుస్తకాలు చించి పారేశారు. ఇక్కడ బడి నడపడం వృథా." ఇది నకలు. నందకలా, నీకెక్కడిదమ్మా ఇది?

(నందకలా లేచి: "హాజరు పట్టీలో పెట్టి పోయారు సార్. ఆ ఏడు కొత్త పాఠాలు రాలేదు కదా, పాతవాటిలో ఆరో మజిలీది వానకి పాడైపోతే దీన్ని పెట్టాం. ఊళ్లో పిల్లలందరూ చదివారు. పెద్దాళ్లకీ చదివి వినిపించాం.")

అంటే ఇన్నేళ్లూ మీ ఇళ్లలో నాకు ఈ కొండల్లో పండే ఫాపర్ గింజల పిండితో రొట్టెలు చేసి పెట్టినవారందరికీ ఇది తెలుసు. తెలిసే పెట్టారు.

కింద పెన్సిల్‌తో ప్రశ్నలున్నాయి, పాఠం చివర ఉంటాయే, అలాగ. ఒకటి: ఈ పాఠం రాసినవారు ఎవరు? జవాబు రాశారు, రేగ్మీ సార్. రెండు: ఎన్ని పుస్తకాలు చిరిగాయి? పన్నెండు. మూడు: ఎందుకు చించారని ఆయన ఎవరినైనా అడిగారా? దీని కింద ఖాళీగా ఉంది.

(నందకలా: "దానికి ఏం రాయాలో మాకు తెలీలేదు సార్. మీరు మాస్టారినో మా నాన్ననో అడిగారేమో, అడిగినా వాళ్లు చెప్పలేదేమోనని వదిలేశాను.")

బుఢా గారూ, మీ కలం ఒకసారి ఇవ్వండి.

ఈ సభకు, నన్ను ఇంతకాలం భరించిన ఈ కొండల ప్రజలకు నా కృతజ్ఞతలు. మూడో ప్రశ్న కింద రాసేశాను. ఒక్క మాటే. "అడగలేదు." నందకలా, ఇలా పైకి రామ్మా, ఈ జవాబు నువ్వే దిద్దాలి. నేను ఇక్కడే నిలబడి ఉంటాను. మిగతావారి దగ్గర సెలవు తీసుకుంటున్నాను.