మొదటి దరువు

1990 సెప్టెంబరు, ఇరాక్ సైన్యం ఆక్రమించిన కువైట్‌లో జహ్రా. యజమానులు వదిలిపోయిన కువైటీ ఇంటి వంటగది. ఇంటి డ్రైవరు రామాంజులు, రొట్టెల వరుసలో నిలబడి ఇప్పుడే వచ్చిన పనిమనిషి సంజీవమ్మ. ఇద్దరిదీ రాయచోటి పక్కన ఒకే ఊరు.

"మూడు రొట్టెలకి ఐదు గంటలు నిలబడినా అన్నా. ఫహద్‌కి ఒకటి ఇచ్చిరా పో, వేడిగా ఉండాది."

"కూర్చో సంజీవమ్మా. నీళ్ళు తాగు."

"నీళ్ళు తర్వాత. ఈ టీ గ్లాసులేంది? నాలుగు గ్లాసులు? ఎవురొచ్చినారు?"

"మిలిటరీవోళ్ళు. టీ పోసిస్తి. తాగిరి, పోయిరి."

"ఇరాకోళ్ళా! మిద్దె మిందికి పోయినారా? నీళ్ళ ట్యాంకు చూసినారా?"

"చూడల్యా. ఒక్క మెట్టు గూడా ఎక్కల్యా."

"అమ్మయ్యా! పానం నిలబడె. మేడం సౌదీకి పోతాపోతా నా రెండు చేతులూ పట్టుకోని ఏడ్చె గదన్నా. వయసు పిల్లోడు కారులో కనబడితే దోవలోనే పట్టుకపోతారు, నా కొడుకు ఫహద్‌ని మీ ఇద్దురికీ అప్పగించి పోతాండా అని."

"అప్పగించె. అవును."

"వాని కోసం గదా మనం ఆగింది. మనోళ్ళంతా జోర్డాన్ బస్సులెక్కి పాయిరి."

"మన క్యాసెట్టు చూసినారు సంజీవమ్మా వాళ్ళు."

"ఏ క్యాసెట్టు?"

"అదే, మన చెక్కభజన. ఎనబై ఎనిమిదిలో హైదరాబాదు టీవీలో వచ్చిండ్లా? వీడియో షాపోడు రికార్డు చేసిచ్చిండేది. వీసీఆర్ ఎత్తకపోను వచ్చి, పనిచేస్తాదా లేదా అని నొక్కిరి. మన ఆట తెర మింద పడె."

"ఫహద్ పెట్టింటాడు. వానికి తెలుగు ముక్క రాదు, మొదటి దరువు మటుకు బల్ల మింద కొట్టినాడంటే అచ్చం మన గురువు పెంచలయ్య కొట్టినట్టే ఉంటాది."

"మనకంటే ముందర తప్పెటగుళ్ళోళ్ళు చేసిరి, శ్రీకాకుళం వాళ్ళు. రొమ్ముకు తప్పెట్లు కట్టుకోని ఎగిరిరి చూడూ... మాకు పౌడరు పూసి, పచ్చ రుమాళ్ళు కట్టి నిలబెట్టిరి. ఆ రుమాల్లో గూడా నన్ను గుర్తుపట్టిరి వీళ్ళు. ఇది నువ్వేనా, నువ్వేనా అని ఒకటే నవ్వు."

"నవ్వరా మరి? పంచాయతీ ఆఫీసు కాడ ఊరంతా టీవీ ముందర కూర్చోనుంటే మొదటి దరువే తప్పితివి. పెంచలయ్య నిన్ను ఉరిమి చూసింది గూడా పడె టీవీలో!"

"కెమెరా మింద ఆ ఎర్రలైటు ఎలిగేతలికి అడుగూ చెయ్యీ కలవకపాయ. పన్నెండేండ్లు కొట్టిన దరువు సంజీవమ్మా. ఆ పొద్దు నుంచి తప్పుదరువు రామాంజులునే నేను. సముద్రం దాటొచ్చినా పోలేదు ఆ పేరు. ఫహాహీల్లో మనోళ్ళు గూడా అట్లే పిలుస్తాండిరి."

"సరేలే. క్యాసెట్టు ఉందా?"

"వీసీఆర్‌తో బాటే పాయె."

"పోతే పోనీ, పిల్లోడు దక్కె. లెయ్, చెక్కలు తీసుకో. మిలిటరీవోళ్ళు పోయినారని వానికి తెలీదు గదా పాపం. దరువు ఇనబడేదాకా ఆ ఖాళీ ట్యాంకులో నుంచి కదలొద్దని మనమే చెప్తిమి. వాకిట్లోకి పోయి కొట్టు, దిగొచ్చి తింటాడు."

"మూడెందుకు తెచ్చినావు సంజీవమ్మా? రెండు చాలు గదా."

"రెండేంది? నువ్వు తినవా?"

"ఈ గ్లాసులు కడిగేస్తా ఉండు."

"అన్నా, నా పక్క చూడు. చెక్కలేవి?"

"వాకిట్లో ఉండాయి."

"వాకిట్లో ఎందుకుండాయి?"

"ఒగడు బీరువా మింద చూసి నా చేతికిచ్చె. టీవీలో తప్పితివి, మా ముందర సరిగ్గా కొట్టు చూస్తాము అనె. తుపాకి సోఫా మింద పారేసి కూర్చోనె. వాళ్ళూర్లో గూడా పెండ్లిండ్లకు ఇట్లాంటివి కొడతారంట. చెడ్డోళ్ళు గాదనుకుంటి."

"నాకు చేతగాదని చెప్పింటావు. చెప్పింటావు గదన్నా?"

"ఆ నవ్వు... మనూరోళ్ళు నవ్వినట్టే ఉండె సంజీవమ్మా."

"హాల్లో కొట్టింటావు. తలుపులేసింటాయి. పైకి ఇనబడదు. ఇనబడదు గదా?"

"హాల్లో తివాసీ మింద అడుగు పడదు. చెక్కభజనకి గట్టి నేల కావాల. వాకిట్లోకి రాండి, సరిగ్గా చూపిస్తా అని నేనే పిలుచుకపోతి వాళ్ళను."

"ఓ దేవుడా! మతి యాడ పెట్టినావన్నా? దినామూ వాన్ని దించే దరువు గదా అది!"

"ఆ గడియకి మతిలో లేకపాయ. పెంచలయ్య చూసిన చూపొక్కటే ఉండె కండ్లల్లో."

"ఇంగేదన్నా కొట్టింటావు. మొదటిది కొట్టింటే గూడా తప్పింటావు. నీకు తప్పుతాది గదన్నా, మనిషి చూస్తాంటే నీకు చెయ్యి ఆడదు గదా. తప్పింటే వాడు కదిలిండడు. తప్పితివా లేదా? చెప్పన్నా, తప్పితినని చెప్పు!"

"తప్పల్యా సంజీవమ్మా. పుట్టినాక అంత బాగా ఎప్పుడూ కొట్టల్యా. వాడు నవ్వుకుంటా, చేతుల్తో తాళమేసుకుంటా మెట్లు దిగొచ్చె."